ఒక్క లెవెల్ భక్తులు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే బల్లల చుట్టూ ఈమధ్య ఒక రకం భక్తులు వెలిశారు. వాళ్లకు దేవుడు కావాలి. కాకపోతే ఒక్క లెవెల్ మేరకే.

పుస్తకాలు చదివి మంత్రాలు నేర్చే విజార్డ్ కావాలన్నది ఈ భక్తుడి కోరిక. అయినా మొదటి లెవెల్‌లో క్లెరిక్‌గా దీక్ష పుచ్చుకుంటాడు. మనసు కరిగి కాదు. క్లెరిక్‌కు కవచం తొడుక్కునే, డాలు పట్టే అర్హత ఉంది, వట్టి విజార్డ్‌కు లేదు. కవచం బిగించుకోగానే గుడి మెట్లు దిగి పుస్తకం తెరుస్తాడు. మిగతా 19 లెవెల్స్‌లో ఆ దేవుడి పేరు ఆయన నోట వినబడదు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య అన్నారు గానీ, ఈయన ఆ మాత్రం పిలుపు కూడా పిలవడు. ఏ దేవుడండీ మీ దేవుడు అని ఆట నడిపే డంజన్ మాస్టర్ అడిగితే, "హెవీ ఆర్మర్ ఇచ్చేవాడు ఎవరైనా పర్వాలేదు" అంటాడు.

ఈ కళ పేరు మల్టీక్లాస్. కలపకూడదని నేననను. ఏం కలుపుతున్నారో చూసుకోరనే నా గోల. ఈ ఆటలో మంత్రం ఎవరికీ ఊరికే రాదు. విజార్డ్ చదువుకు రుణపడ్డాడు, క్లెరిక్ దేవుడికి, సోర్సరర్ పుట్టుకతో వచ్చిన రక్తానికి, వార్‌లాక్ ఏ పాతాళపు దొరతోనో కుదుర్చుకున్న ఒప్పందానికి. నాలుగూ నాలుగు బాకీలు. మన వీరుడు రెండు చోట్ల అప్పు చేసి రెండు చోట్లా ఎగ్గొట్టి, ఆ ఎగవేతకు 'బిల్డ్' అని పేరు పెట్టుకుంటాడు.

మంత్రాలకు కరువు ఉండటం ఈ ఆటకు పుట్టుమచ్చ. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేర్లతో ఆట వెలువడినప్పుడు, మంత్రాల పద్ధతి జాక్ వాన్స్ 1950 నాటి 'ది డయింగ్ ఎర్త్' కథల నుంచి వచ్చింది. ఆ కథల్లో ఎంతటి మంత్రవేత్త బుర్రలోనైనా గుప్పెడు మంత్రాలే పడతాయి, పలికిన మంత్రం మనసులోంచి చెరిగిపోతుంది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ రూల్స్ మరీ కటువు. ఎల్ఫులు, హాఫ్-ఎల్ఫుల వంటివాళ్లు రెండు విద్యలు ఒకేసారి పట్టవచ్చు, కానీ సంపాదించిన అనుభవాన్ని రెండింటికీ పంచాలి. మనిషికి ఆ వెసులుబాటూ లేదు. పాతది వదిలి కొత్తది పట్టాలి. కొత్త విద్య పాతదాన్ని దాటేలోపు పాతది బయటకు తీశాడా, ఆ సాహసానికి అనుభవం సున్నా. రాక్షసపు రూలే, కాదనను. అయినా ధర ఎంతో గుమ్మం మీదే రాసి ఉండేది.

2000లో మూడో ఎడిషన్ తలుపులు బార్లా తెరిచింది. ఎవరైనా ఏదైనా కలుపుకోవచ్చు. తీరా చూస్తే విజార్డ్ 10, క్లెరిక్ 10 చేసి 20వ లెవెల్‌కు చేరినవాడికి రెండువైపులా 5వ స్థాయి మంత్రాలే. పక్క కుర్చీలో ఒకే పుస్తకం పట్టుకు కూర్చున్నవాడు 17వ లెవెల్‌కే 9వ స్థాయిలో ఉన్నాడు. ఓదార్పుగా 'మిస్టిక్ థియర్జ్' అని ఒక క్లాస్ అచ్చేశారు. ఒక్క మెట్టెక్కితే రెండు విద్యలూ పెరుగుతాయి. ఏడ్చే పిల్లకే పాలు.

2014 నాటి ఐదో ఎడిషన్ ఇంకా నేర్పరి. ఆశ చూపించి వదిలేసింది. క్లెరిక్, విజార్డ్ లెవెల్స్ కూడి, ఆ మొత్తానికి తగినన్ని స్లాట్లు, అంటే మంత్రం వేసే వంతులు, ఇస్తుంది. మంత్రాలు మాత్రం ఏ క్లాసుకా క్లాసే విడి లెక్క. విజార్డ్ 3, క్లెరిక్ 3 అయిన మహానుభావుడి దగ్గర 3వ స్థాయి స్లాట్లు మూడు ఉంటాయి, 3వ స్థాయి మంత్రం ఒక్కటీ ఉండదు. వెండి గిన్నెలున్నాయి, బియ్యం నిండుకున్నాయి. "అప్‌కాస్ట్ చేస్తాను" అంటాడు గంభీరంగా, అంటే చిన్న మంత్రాన్నే పెద్ద స్లాట్‌లో వేస్తాడట. చేయి నాయనా. బర్నింగ్ హ్యాండ్స్‌ను ఆ స్లాట్‌లో వేస్తే 5 పాచికల నిప్పు, అదీ 15 అడుగుల దాకానే. గాబ్లిన్లు చొక్కా పట్టుకునేంత దగ్గరకు పోయి నిలబడాలన్నమాట. ఒక లెవెల్ కిందున్న వట్టి విజార్డ్ 150 అడుగుల అవతలి నుంచి ఫైర్‌బాల్ విసిరి, 8 పాచికలు దొర్లించి, టీ అందుకుంటాడు.

"ఇప్పుడు కాదు సార్, 20వ లెవెల్‌లో చూడండి."

చూశాం. 10-10 వీరుడి చేతిలో 9వ స్థాయి స్లాట్ ఉంటుంది. అందులో అదే ఫైర్‌బాల్ వేస్తే 14 పాచికలు. వట్టి విజార్డ్ అదే స్లాట్‌తో మీటియర్ స్వార్మ్ కురిపిస్తే 40. అయినా 20వ లెవెల్ చూసిన బల్లలెన్ని? డ్రాగన్ చంపేకంటే ముందే పరీక్షలు, బదిలీలు, ఎవరిదో ఒకరి పెళ్లి వచ్చి ఆటను చంపేస్తాయి.

లెక్క కలిసొచ్చే జోడీ ఒకటుంది, అది మరీ సిగ్గుచేటు. సోర్సరర్, వార్‌లాక్‌ల మంత్రబలం రెండూ కరిజ్మా మీదే నడుస్తాయి. వార్‌లాక్ స్లాట్లు గంటసేపు షార్ట్ రెస్ట్ తీసుకుంటే తిరిగొస్తాయి. సోర్సరర్ స్లాట్లను పాయింట్లుగా, పాయింట్లను మళ్లీ స్లాట్లుగా మార్చగలడు. ఇంకేం! రెండింట్లో మూడేసి లెవెల్స్ ఉన్నవాడు గంటకు రెండు చొప్పున 1వ స్థాయి స్లాట్లు అచ్చు కొట్టుకోవచ్చు. అలా కొట్టిన స్లాట్లు లాంగ్ రెస్ట్ తీసుకుంటే మాయమవుతాయి కనుక వీరుడు నిద్రే మానేశాడు. జట్టు ఎనిమిది గంటలు గుర్రుపెట్టి లేచేసరికి 16 స్లాట్లు పోగేసి, ఎర్రబడ్డ కళ్లతో కూర్చుని ఉంటాడు. ముద్దుపేరు కాఫీలాక్. ఊరు తగలబడుతోందని కబురొస్తే "ఇంకో గంట ఆగుదాం" అంటాడు. లక్ష్మణుడూ పద్నాలుగేళ్లు నిద్ర మానాడు, అన్నా వదినల కాపలాకు. ఈయన నిద్రను మోయడానికి ఏ ఊర్మిళ ఒప్పుకుంటుంది?

చివరికి 2017లో వచ్చిన జనాథార్స్ గైడ్‌లో రూలు రాయవలసి వచ్చింది: 24 గంటలు లాంగ్ రెస్ట్ లేకుండా గడిపితే పాచిక వేయాలి, తప్పితే నీరసం, రోజు గడిచేకొద్దీ గండం గట్టిపడుతుంది. నిద్రపోకపోతే అలసిపోతారని పెద్దవాళ్లకు అచ్చులో చెప్పారు! అదే పుస్తకంలో హెక్స్‌బ్లేడ్ అనే వార్‌లాక్ రకాన్నీ పెట్టారు. దానితో ఒక్క లెవెల్ ఒప్పందం చేసుకుంటే కత్తి కూడా కండబలంతో పని లేకుండా కరిజ్మాతోనే తిరుగుతుంది. ప్రచురణకర్తలు నిష్పక్షపాతులు, దొంగకూ దొరకూ ఒకే ధరకు అమ్ముతారు. 2024 రూల్స్‌లో మరో సౌకర్యం: వార్‌లాక్ దొర ఎలాంటివాడో 3వ లెవెల్‌లో తేల్చుకుంటే చాలు. రెండు లెవెల్స్ తీసుకుని జారుకునేవాడు తన ఆత్మను ఎవరికి రాసిచ్చాడో తెలియకుండానే రిటైరవ్వచ్చు.

బల్ల మీద పుట్టిన కలయిక సంగతి వేరు. కోట కూలిన రాత్రి క్లెరిక్ ఎంత మొరపెట్టుకున్నా దేవుడు పలకలేదు. శిథిలాల కింద నుంచి ఇంకెవరో పలికారు, అతను ఊఁ అన్నాడు. క్యారెక్టర్ షీటు మీద వార్‌లాక్ లెవెల్ ఒకటి పడింది. లెక్కప్రకారం ఆ జోడీ దండగ: ఒక విద్యకు విజ్డమ్ కావాలి, రెండోదానికి కరిజ్మా. ఆ ఆటగాడు మంత్రాల్లో రెండడుగులు వెనకబడ్డాడు. అతని వంతు వచ్చినప్పుడల్లా బల్ల చుట్టూ ఫోన్లు కిందపడతాయి.

డంజన్ మాస్టర్లూ, నిషేధాలు పెట్టకండి. ఓ రాత్రి కాఫీలాక్ ఏడో గంట స్లాట్లు లెక్కపెట్టుకుంటుండగా అతని దొరను పంపించండి. నెగడు నీలంగా మారనివ్వండి. వచ్చినవాడు ఎదురుగా చతికిలబడి, "ఇన్నాళ్లూ వాడుకున్నావు కదా, నా బాకీ సంగతేంటి?" అని అడగనివ్వండి. మన వీరుడు క్యారెక్టర్ షీటు అటూ ఇటూ తిరగేసి, తల ఎత్తకుండానే అడుగుతాడు: "ఈ రూలు ఏ పుస్తకంలో ఉంది? ఎన్నో పేజీ?"