అయ్యగారిని నిలదీసిన రోజులు

ఈ కాలం పిల్లలు చర్చి మానేస్తున్నారని మా సంఘ పెద్దలు దిగులు పడుతుంటారు. మానేయడం కొత్తేమీ కాదు, మా రోజుల్లోనూ మానేశారు. ఎవరితోనూ ఒక్క మాట పోట్లాడకుండా మానేయడమే నాకు మింగుడుపడటం లేదు. ఒక ఆదివారం రారు, రెండో ఆదివారం రారు, ఆ తర్వాత సంఘం వాట్సాప్ గ్రూపులోంచి పేరు పోతుంది. ఎందుకని అడిగే నాథుడుండడు. మా రోజుల్లో నమ్మకం సడలినవాడు తిన్నగా పాస్టరు అయ్యగారింటికి పోయి నిలదీసేవాడు. అయ్యగారు అరుగు మీద కూర్చోబెట్టుకుని వినేవారు.

ఆ అలవాటు మాకు చిన్నప్పుడే పడింది. మాది గుంటూరు వైపు లూథరన్ సంఘం, హేయర్ గారు 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సేవలోంచి పుట్టినది. కన్ఫర్మేషన్‌కి ముందు లూథరు 1529లో రాసిన చిన్న కాటకిజం అప్పజెప్పాలి. అందులో ప్రతి ఆజ్ఞ వెనకా, విశ్వాస ప్రమాణంలో ప్రతి భాగం వెనకా, దీనికి అర్థమేమిటన్న ప్రశ్న ఉంటుంది. జవాబులు బట్టీ పట్టేవాళ్లం. మా అయ్యగారు అక్కడితో వదిలేవారు కాదు. ‘ఇది పుస్తకంలో మాట. నువ్వేమనుకుంటున్నావు?’ అనేవారు. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి అలా అడిగేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ ఉండేవారు కాదు.

ఇప్పుడేమో అంతా తొందర. కూటంలో చెయ్యెత్తితే చాలు, లెక్కలో వేసుకుంటారు. ఒంగోలు సంగతి వీళ్లకు ఎవరైనా చెప్పాలి. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించారు. బాప్తిస్మం కావాలని జనం తిరుగుతూనే ఉన్నారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ పని ముగిశాకే, 1878 జులై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అందరూ ఆ అంకెనే చెప్పుకుంటారు. అంతకుముందు నెలల తరబడి ఆగమన్న సంగతి ఏ ప్రసంగంలోనూ వినపడదు.

నా సంగతికొస్తాను. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. పదివేలకు పైగా జనం పోయారు. బాపట్లలో గాలివానకు భయపడి చర్చిలో తలదాచుకున్నవాళ్ల మీద ఆ చర్చే కూలింది. వందమంది దాకా పోయారని చెప్పారు. తెల్లవారితే ఆదివారం. మా సంఘం కుర్రాళ్లం అయ్యగారితో కలిసి బియ్యం, బట్టలు తీసుకుని అవనిగడ్డ వైపు వెళ్లాం. అక్కడ చూసినవి రాయను. రాస్తే పోయినవాళ్లకు మర్యాద కాదు. తిరిగొచ్చాక మిషన్ కాంపౌండులో అందరి ముందూ అయ్యగారిని పట్టుకున్నాను. ‘మిగతా సంగతి సరే. దేవుడు తన గుళ్లోకి పరిగెత్తినవాళ్లను కూడా కాపాడలేకపోయాడేం? ఇక నేనెవరికి ప్రార్థన చెయ్యాలి?’ అన్నాను. పెద్దల్లో ఒకరు నన్ను గద్దించబోతే అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. ‘నాకు తెలియదు నాయనా. నేనూ అదే అడుగుతున్నాను’ అన్నారు.

తర్వాతి ఆదివారం ఆయన లూకా సువార్త 13వ అధ్యాయం చదివారు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి అక్కడ ఉంది. ఆ పోయినవాళ్లు యెరూషలేములో మిగతావాళ్ల కంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదని తానే చెప్పాడు. మరి ఎందుకు కూలిందో మాత్రం చెప్పలేదు. అయ్యగారూ చెప్పలేదు. ప్రసంగం అక్కడే ఆపేసి కూర్చున్నారు.

నేను ప్రభు సంస్కారం తీసుకోవడం మానేశాను. నమ్మకం లేకుండా మోకరించడం అబద్ధమనిపించింది. అయినా నా పేరు ఎవరూ కొట్టెయ్యలేదు. అయ్యగారు సాయంత్రాలు సైకిలు మీద వచ్చేవారు. యోబు గ్రంథం మొదలుపెట్టాం. చివరి అధ్యాయంలో దేవుడు కోపగించుకున్నది తనను నిలదీసిన యోబు మీద కాదనీ, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితుల మీదేననీ ఆయన వేలు పెట్టి చూపించారు. హబక్కూకు ఫిర్యాదుతో మొదలవుతాడు. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. అలాంటివి దాచకుండా బైబిల్లో పెట్టుకున్న మతంలో నాలాంటివాడికీ చోటు ఉండి తీరాలని మెల్లగా అనిపించింది.

నమ్మకం తిరిగొచ్చింది గానీ పాతది కాదు. పాతదానిలో దేవుడు మంచివాళ్లకు కాపలాదారు. ఆ దేవుడు ఉప్పెనలోనే పోయాడు, మళ్లీ రాలేదు. వచ్చినవాడు సిలువ మీద తానే ‘ఎందుకు?’ అని కేకపెట్టినవాడు. ఆయన్ని నమ్మడానికి నాకు నా ప్రశ్న వదులుకోవలసిన పని పడలేదు.

మా తమ్ముడి కొడుకు ఒకడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. 2021లో, కరోనా రెండో విడతలో వాళ్ల అమ్మ, మా మరదలు, ఆక్సిజన్ దొరక్క పోయింది. ఆవిడ ఆసుపత్రిలో ఉండగా వీడు ఒక ప్రసంగీకుడికి ఫోన్ చేసి ప్రార్థన చేయించుకున్నాడు. విత్తన కానుకగా డబ్బు పంపమంటే పంపాడు. ఆవిడ పోయాక మళ్లీ చేస్తే, ఇంట్లో విశ్వాసం తక్కువైందన్నాడట ఆ మనిషి. కన్నతల్లిని పోగొట్టుకున్నవాడితో! యేసు నోరారా కాదన్న మాటనే యేసు పేరున చెప్పేవాణ్ణి నేను సేవకుడనను. వాడు ఆ రోజే బైబిలు మూసేశాడు. తప్పు పట్టను. నాకు దొరికినట్టు వాడికి ఒక సైకిలు అయ్యగారు దొరకలేదు, నా కోపమంతా అక్కడ.

పాటలు కూడా మారాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో రాగం, తాళం రాసి ఉండేవి, పశ్చాత్తాపానికీ శ్రమకూ మరణానికీ వేరువేరుగా కీర్తనలు ఉండేవి. మనసు విరిగినవాడు పాడుకోవడానికి ఒకటి దొరికేది. ఇప్పుడు తెర మీద వచ్చేవన్నీ జయమూ ఆశీర్వాదమూ. శవం లేచిన ఇంటినుంచి వచ్చినవాడు ఆ చప్పట్ల మధ్య నోరెలా విప్పుతాడు?

అన్నీ అడగనిచ్చారని మాత్రం అనను. మాల సంఘమనీ మాదిగ సంఘమనీ క్రీస్తు పేరున ఉన్న చోటే గీతలెందుకని అడిగితే పెద్దలు మొహం తిప్పేసుకునేవారు. ఇంకొకటి సర్టిఫికెట్ సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు గానీ క్రైస్తవులను కలపలేదు. మారినవాళ్లకు మన దగ్గర బీసీ-సీ కింద ఒక్క శాతం మిగిలింది. దాంతో ఎన్నో ఇళ్లలో పిల్లలు కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతం మోస్తూ పెరిగారు. ‘నేనెవర్ని?’ అని వాళ్లు అడిగినప్పుడు జవాబివ్వని సంఘం, వాళ్లు వెళ్లిపోయాక నిష్ఠూరాలాడటం అన్యాయం. ఆ అన్యాయం మా రోజుల్లోనే మొదలైంది.

మా తమ్ముడి కొడుకు ఈ మధ్య సెలవులకు వస్తే మా ఇంట్లోనే దిగుతున్నాడు. నమ్మకాన్ని విప్పి చూసుకుంటున్న అమెరికా కుర్రాళ్ల వీడియోలు చూస్తాడు, నాకూ చూపిస్తాడు. కొన్ని మంచి ప్రశ్నలే. వీడియో ఆపేశాక ఎదురుగా మనిషి ఉండడు, అదే వాటిలో లోటు. పోయినసారి లూకా 13 తీశాం. చదివి, ‘మరి గోపురం ఎందుకు కూలిందో ఆయన చెప్పలేదేం పెదనాన్నా?’ అన్నాడు. ఇంకా ఏం నమ్ముతాడో, నమ్మడో నేనడగలేదు. వాడు మాట్లాడుతున్నాడు, నాకు అంతవరకు చాలు.

ఆరాధన అయ్యాక ఒక గంట, మైకు తీసేసి, ఎవరి సందేహం వాళ్లు చెప్పుకోవడానికి వదలమని మా కమిటీని అడిగాను. టైముటేబుల్లో ఖాళీ లేదన్నారు. సౌండ్ సిస్టమ్ మార్చడానికి చందా పుస్తకాలు మాత్రం అచ్చయ్యాయి. వచ్చే సంఘ సభలో మళ్లీ లేచి అడుగుతాను. ఒప్పుకోకపోతే మా వరండా ఉంది, ఆరేడు కుర్చీలు పడతాయి.