ఎడమ కుడుల పీల్పు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

అందరికీ అర్థమయ్యే మాటకు టీక అక్కర్లేదు. చదివేవాళ్ళు తగ్గి, మాట పాతబడి, పక్కవాణ్ణి అడిగినా తెలియదనే రోజు వచ్చాకే టీకాకారుడికి పని పడుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మన కొత్త బండ్లలో కార్బురేటర్ దాదాపు మాయమై, దాని పీట మీద ఫ్యూయల్ ఇంజెక్షన్ కూర్చుంది. కాబట్టి కార్బురేటర్ ఇప్పుడు ప్రాచీన గ్రంథం. ఒకే బండికి రెండు కార్బురేటర్లుంటే అది ద్వ్యర్థి కావ్యం.

మా ఇంట్లో ఉన్న ప్రతి కవాసాకీ నింజా 250ఆర్. 2009లో బజాజ్ వారు మన దేశంలో అమ్మకానికి పెట్టారు. 249 సీసీ, రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో కెహిన్ కార్బురేటర్. నా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి చేతులు మారింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, హ్యాండిల్ మీద వేళ్ళు తిమ్మిరెక్కేవి. ఐడ్లింగు ఒకసారి ఎగిసేది, ఒకసారి చచ్చేది. వీధి చివరి మెకానిక్కు చెవి వొగ్గి విని, "రెండూ కలవట్లేదు సార్, ట్యూనింగ్ చెయ్యాల" అన్నాడు. నిదానం సరైనదే. వైద్యం చేశాక మాత్రం అదివరకు కలవనివి అసలు పలకడమే మానేశాయి. అప్పుడు రెండు వాక్యూమ్ గేజీలు తెప్పించుకుని, ఒక ఆదివారం పొద్దున్నే నేనే కూర్చున్నాను. కింది పద్యం ఆ పూట పుట్టింది. మూలమూ నాదే, టీకా నాదే. కవిహృదయం నాకు తెలుసని ఏ వ్యాఖ్యాతా చెప్పలేనంత ధైర్యంగా చెప్పగలను. మెదక్ సీమ కొల్చారం వాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. నాకంత నిగ్రహం లేదు.

మూలం

ఆ. ఎడమ కుడుల పీల్పు లేకరీతిగ నున్న
బండి వణకు మాని పాట పాడు
నడుమ నున్న మరను నలుసంత కదిలించి
ముళ్ళు కలుపువాడె ముక్తుడగును

ప్రతిపదార్థం

ఎడమ కుడుల = ఎడమ సిలిండరు, కుడి సిలిండరు అను రెంటియొక్క; పీల్పులు = గాలిని లోనికి లాగుకొనుటలు; ఏకరీతిగన్ = ఒక్క తీరుగా; ఉన్నన్ = ఉన్నచో; బండి = మోటారు సైకిలు; వణకు మాని = చలిజ్వరము వచ్చినట్లు వణకుట విడిచి; పాట పాడున్ = ఒక్క శ్రుతిలో మ్రోగును; (కావున) నడుమన్ ఉన్న = రెండు కార్బురేటర్లకు మధ్యనున్న; మరను = మరమేకును; నలుసంత = కంటిలో పడు నలుసంత మాత్రమే; కదిలించి = త్రిప్పి; ముళ్ళు = రెండు గేజీల ముళ్ళను; కలుపువాడె = ఒక్కచోట నిలుపువాడే; ముక్తుడు అగును = మెకానిక్కు చుట్టూ తిరుగుట అనెడి బంధమునుండి విడుదల పొందును.

విశేషాలు

ఎడమయు కుడియు ఎడమకుడులు, ద్వంద్వ సమాసం. ద్వంద్వంలో రెండు పదాలకూ సమ ప్రాధాన్యం. ఇక్కడ వ్యాకరణమూ ఇంజినూ ఒకటే మాట అంటున్నాయి.

కార్బురేటర్ గురించిన పద్యంలో కార్బురేటర్ అన్న మాటే లేదేమని ఒక ఆక్షేపణ. శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. సన్నని జెట్టులోంచి పెట్రోలు చిమ్మే కార్బురేటర్‌ను జర్మనీలో మేబాక్ చేసింది 1893లో. నిఘంటువులో లేని మాట కవి వాడలేదు, అంతే.

"పీల్పులేకరీతిగ" అన్నచోట పదచ్ఛేదం జాగ్రత్త. పీల్పులు + ఏకరీతిగ అని విడదీయాలి, ఉత్వసంధి. మందబుద్ధి శిష్యుడొకడు "పీల్పు లేక" అని విడదీసి, పీల్పే లేకుండా బండి ఎలా పాడుతుందని అడిగాడు. (ఆ శిష్యుణ్ణీ నేనే.) నిజానికి ఆ తప్పు విరుపు కొట్టెయ్యదగింది కాదు. గేజీ పట్టే ముందు, పీల్పు లేకపోవడానికి వేరే కారణాలున్నాయా అని చూడాలి. వాల్వుల సందు తప్పితే ఆ సిలిండరు సరిగా పీల్చదు. కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు మూతి బీటలు వారితే దొంగగాలి దూరుతుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టి ఉంటే రెండిటి గొంతూ నొక్కినట్టే. ఇవి చూడకుండా మర తిప్పడమంటే అచ్చుతప్పు దిద్దకుండా అలంకారాలు వెతకడం.

పీల్పు అంటే ఏమిటో ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అందరూ బోర్లా పడేది ఇక్కడే. గేజీలో ముల్లు ఎక్కువ చూపిస్తే ఆ వైపు ఎక్కువ గాలి తాగుతోందనుకుంటాం. తలకిందులు. కొబ్బరిబోండంలో సన్నని పుల్ల వేసుకుని పీల్చే పిల్లవాణ్ణి చూడండి. బుగ్గలు లోపలికి పోతాయి, కళ్ళు బయటికి వస్తాయి, నోట్లోకి వచ్చేది మాత్రం గుక్కెడు. దారి ఎంత ఇరుకైతే పీల్పు అంత గట్టిది. గాలిదారికి అడ్డంగా ఉన్న రేకు తక్కువగా తెరుచుకున్న వైపే గేజీ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ తెరుచుకున్నది పని ఎక్కువ చేస్తుంది, రెండోదాన్ని ఈడ్చుకుపోతుంది. వణుకు అందుకే. త్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు రేకులు రెండూ బార్లా తెరుచుకుంటాయి కాబట్టి ఈ వెంట్రుకవాసి తేడా కనిపించదు. ఐడ్లింగులో మాత్రం ఉన్న సందే వెంట్రుకంత. అందులో వెంట్రుకవాసి తేడా అంటే సగం ఆస్తి.

గేజీ విషయం. 1849లో ఫ్రాన్సులో బూర్డాన్ పేటెంటు తీసుకున్న వంకర గొట్టమే ఇప్పటికీ దాని కడుపులో ఉంటుంది. పీల్పు తగిలితే గొట్టం ఇంకాస్త ముడుచుకుంటుంది, ముల్లు కదులుతుంది. మా బండిలో ఒక పిస్టన్ పైకి పోతుంటే రెండోది కిందికి వస్తుంది. ఒక్కో సిలిండరు తన వంతు వచ్చినప్పుడే పీలుస్తుంది. అందుకని గొట్టం నేరుగా తగిలిస్తే ముల్లు పూనకం వచ్చినట్టు ఊగుతుంది. చేపల తొట్టిలో గాలి బుడగలు తగ్గించడానికి వాడే బుల్లి ప్లాస్టిక్ వాల్వు గొట్టం మధ్యలో పెట్టి, ముల్లు సన్నగా వణికే దాకా మూసుకుంటూ రావాలి. పూర్తిగా మూస్తే ముల్లు నిలుస్తుంది, కానీ అది సమాధి.

రెండు గేజీలు తెచ్చుకున్నవాడు ముందు వాటిలో వాటికే పొత్తు ఉందో లేదో చూడాలి. రెండిటినీ టీ ముక్కతో ఒకే సిలిండరుకు తగిలించి చూస్తే నా గేజీలు ఒకదానికొకటి 1 సెంటీమీటరు పాదరసం తేడా చెప్పాయి. సాక్షులిద్దరూ ఒకే గదిలో ఉండి కూడా ఒకే మాట చెప్పలేదన్నమాట. ఆ తేడా అట్ట మీద రాసుకుని గోడకు గుచ్చాను. మనకు కావలసింది ఎంత అన్నది కాదు, తేడా ఎంత అన్నది. కవాసాకీ మాన్యువల్ ప్రకారం రెండు సిలిండర్ల మధ్య తేడా 2 సెంటీమీటర్ల పాదరసం లోపు ఉండాలి.

గేజీలు లేనివాళ్ళకు పేదల పక్షం ఒకటుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు ఈ గోడకూ ఆ గోడకూ మట్టం చూసే పారదర్శకపు గొట్టం తెలుసు కదా. దాన్ని ఉయ్యాలలా వేలాడదీసి, అడుగున ఇంజిన్ ఆయిల్ పోసి, రెండు కొసలూ రెండు సిలిండర్లకు తగిలిస్తే చాలు. ఎక్కువ పీల్చే వైపు నూనె పైకి ఎక్కుతుంది. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు. కాబట్టి 2 సెంటీమీటర్ల పాదరసం తేడా నీటిలో 27 సెంటీమీటర్లు, నూనెలో 31 దాకా కనిపిస్తుంది. గేజీలో ముల్లు మందమంత తేడా ఇక్కడ జానెడు పైనే. ఖర్చు తక్కువ, చూపు ఎక్కువ. చిక్కల్లా ఒక కొస ఊడితే వస్తుంది. అప్పుడు రెండో వైపు మొత్తం నూనెను గుటకేసేస్తుంది. నాకు ఊడింది. సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ సందు నిండిపోతే, దోమల మందు కొట్టడానికి వచ్చారనుకుని పై వాటా పిన్నిగారు కిటికీలన్నీ మూసుకున్నారు. అందుకే గొట్టం రెండు వైపులా మధ్యలో ఒక్కో ఖాళీ సీసా పెట్టమంటారు. నీళ్ళు మాత్రం పోయకండి. నూనె మింగితే పొగతో పోతుంది, నీళ్ళు మింగితే ఇంజిన్ విరుగుతుంది.

"నలుసంత" అన్నచోట కొన్ని ప్రతుల్లో "మలుపంత" అని పాఠాంతరం. గణాలు సరిపోతాయి కానీ నకారానికి మకారంతో యతి చెల్లదు. ఆ పాఠం నమ్మి మరను ఒక చుట్టు తిప్పినవాడికి యతిభంగంతో పాటు ఇంజిన్‌భంగం కూడా కలుగుతుంది: ఒక ముల్లు అటు, ఒక ముల్లు ఇటు పారిపోతాయి, ఏది ఎక్కడ మొదలైందో గుర్తుండదు. మర తిప్పేది గడియారంలో అయిదు నిమిషాలంత. తిప్పాక స్క్రూడ్రైవర్ చెయ్యి తీసెయ్యాలి, ఎందుకంటే దాని బరువుకే ముల్లు జరుగుతుంది. ఒకసారి త్రాటిల్ ఇచ్చి వదిలి, ముళ్ళు స్థిమితపడేదాకా ఆగాలి. యతి అంటే విరామమని లాక్షణికులు ఊరికే అనలేదు. రెండూ కలిశాక ఐడ్లింగు తనంతట తాను పెరుగుతుంది; దాన్ని వేరే మరతో మళ్ళీ 1300కు దించుకోవాలి. ఈ మరా ఆ మరా ఒకటి కాదు. పెట్రోలు పాలు సరిచేసే మర ఇంకొకటుంది, దాని జోలికి ఈ పద్యం పోలేదు, మీరూ పోకండి.

"ముళ్ళు" శ్లేష. ముల్లుకూ బహువచనం ముళ్ళే, ముడికీ బహువచనం ముళ్ళే. ఈ చమత్కారాన్ని మా ఆవిడకు విప్పి చెబుతుంటే, సందులో బండిని చూసింది. బట్టలూడ్చుకుని నిలబడ్డ బండి, ట్యాంకు తీసేశాను కనుక మేకుకు వేలాడుతున్న సెలైన్ సీసాలోంచి బొట్టుబొట్టుగా దిగుతున్న పెట్రోలు, దాని ఎదుట తిరుగుతున్న మా హాల్లోని టేబుల్ ఫ్యాను. "ఏమండీ, మూడు ముళ్ళు వేసిన రోజున కూడా మీరింత శ్రద్ధగా కూర్చోలేదు" అంది. పూర్వపక్షం బలమైనది. సమాధానం దొరకలేదు.

తాత్పర్యం

రెండు సిలిండర్లూ ఒక్క తీరుగా పీల్చేటట్టు, మధ్యనున్న మరను ఓపికగా కొంచెం కొంచెం తిప్పి, రెండు గేజీల ముళ్ళను కలిపినవాడి బండి వణకదు. నాది వణకడం మానింది. ట్యాంకు మీద పెట్టిన టీ గ్లాసులో పైన తరగలు కనిపించడం లేదు. మైలేజీ పెరిగిందా అని అడిగేవారికి: కవి ఆ మాట ఎక్కడా అనలేదు.

మనవి

ఈ పనికి గది పనికిరాదు, పొగ బయటికి పోయే ఆరుబయటే చేయండి. సెలైన్ సీసా వేడి ఇంజిన్ మీదికి వేలాడకుండా చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, గేజీ గొట్టాలు తీశాక ఆ ముక్కులకుండే రబ్బరు టోపీలు రెండూ మళ్ళీ పెట్టండి. పెట్టకపోతే దొంగగాలి దూరి, కలిసిన ముళ్ళన్నీ వృథా. నేను ఒకటే పెట్టి ట్యాంకు బిగించేశాను. రెండోది మర్నాడు చొక్కా జేబులో దొరికింది.