చుట్టాలు ఎక్కువండీ మాకు

“ఇటుకలకు విమానం ఎక్కడం రాదు బావమరిదీ” అనేవాడు మా బావ, ఎప్పుడు కలిసినా.

ఆ మాట వెనక కథ సైబరాబాద్‌లో చాలామందికి తెలుసు. హైటెక్ సిటీలో ఆఫీసు పెట్టిన ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ వ్యవహారం. పెద్ద కంపెనీల బిల్లుల మీద మీ డబ్బు అప్పుగా తిప్పుతాం, ఏడాదికి 11 నుంచి 22 శాతం ఇస్తాం, మీరు యాప్ చూసుకుంటూ కూర్చోండి అన్నారు. పోలీసుల లెక్క ప్రకారం వసూలైంది సుమారు 1,700 కోట్లు. అందులో సగం దాదాపు 7,000 మందికి తిరిగి రాలేదు. 2025 ఫిబ్రవరిలో అరెస్టులు మొదలయ్యేసరికి ప్రధాన నిందితుడు దేశం దాటిపోయాడు. ఆయన ఎక్కి వెళ్లాడని చెబుతున్న చిన్న జెట్టు మాత్రం, ఆయన లేకుండా, మార్చిలో శంషాబాద్‌లో ఈడీ చేతికి చిక్కింది.

బావ టీములోనే ఇద్దరి బోనసులు అందులో పోయాయి. బావ పైసా పెట్టలేదు. ముందుచూపు అని ఆయన అంటాడు, చేతిలో పైసా లేక అని అక్క అంటుంది. ఉన్నదంతా అప్పటికే కొండాపూర్ ఫ్లాటు మింగేసింది మరి.

80 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. ఈఎంఐ 69 వేల పైచిలుకు. వచ్చే అద్దె 35 వేలు. పిల్లాడి స్కూలు కోసం తాము నిజాంపేటలో వేరే అద్దెకుంటారు, అది లెక్కలోకి రాదట. ఆ 35 వేలకు బావ పెట్టుకున్న పేరు ప్యాసివ్ ఇన్‌కమ్. “మరి మన జీతంలోంచి పోయే ఆ 34 వేలను ఏమంటారండీ?” అని అక్క అడిగింది ఓసారి. “లాంగ్ టర్మ్” అన్నాడు.

టెనెంటు మాత్రం బంగారం. బ్రోకర్ తెచ్చాడు. అగ్రిమెంటు మీద ఒక కుర్రాడు సంతకం పెడితే ఇంకో కుర్రాడు తాళాలు పట్టుకెళ్లాడు. “చుట్టాలు ఎక్కువండీ మాకు, ఏమీ అనుకోకండి” అని ముందే చెప్పారు. తమ ఖర్చుతో గోడలకు వాల్‌పేపర్ అంటించుకున్నారు, తలుపుకి నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టుకున్నారు. ఒకటో తారీకు పొద్దున ఏడుకల్లా అద్దె పడేది. గీజరు రెండుసార్లు కాలిపోతే బావే బాగుచేయించాడు. ఓనరన్నాక తప్పదు కదా!

వాచ్‌మన్ ఒకసారి ఫోన్ చేశాడు. “సార్, మీ కిరాయోళ్లకు చుట్టాలు మస్తు ఉన్నరు సార్. శుక్రారం వస్తరు, ఆదివారం పోతరు. ఎప్పుడు జూసినా కొత్త మొఖాలే.”

“మర్యాదస్తులయ్యా. ఈ రోజుల్లో చుట్టాలను రానిచ్చేవాళ్లు ఎక్కడున్నారు?” అని మురిసిపోయాడు బావ.

ఆ ఫ్లాటులో బావకి ప్రాణమైనది ఒకటే. భీమవరం నుంచి తెప్పించి బాల్కనీలో వేయించిన మామ్మగారి ఉయ్యాల బల్ల. ఇత్తడి గొలుసుల్లో ఒకదాని కొక్కెం విరిగితే తనే ఎర్ర వైరు చుట్టి బిగించాడు.

ఓ ఆదివారం మాదాపూర్ హోటల్లో ‘రెండో ఆదాయం’ సెమినారుంటే నన్నూ లాక్కెళ్లాడు. మనిషికి 4,999, పైన జీఎస్‌టీ. హాలు కిటికీలోంచి సైబర్ టవర్స్ కనబడుతోంది. 1998లో వాజ్‌పేయి దాన్ని ప్రారంభించిన నాడు ఆ చుట్టుపక్కల నాలుగు గజాలు ఉండి, అమ్ముకోకుండా ఆగినవాళ్లకు ఇలాంటి సెమినార్ల అవసరం రాలేదు. మాలాంటివాళ్లతో హాలు నిండిపోయింది.

“ఇప్పటికే ప్యాసివ్ ఇన్‌కమ్ ఉన్నవాళ్లు చెయ్యెత్తండి” అన్నాడు సూటు వేసుకున్న స్పీకరు. మూడో వరుసలోంచి బావ చెయ్యి అందరికంటే ముందు లేచింది.

“సూపర్ సార్! ఫ్లాటా? లోనుందా? అద్దె టైముకి వస్తుందా?”

“ఒకటో తారీకు, ఏడింటికి.”

“వెళ్లి చూస్తుంటారా?”

“అంత మంచి టెనెంటుంటే ఇంక చూడ్డం దేనికండీ?”

చప్పట్లు కొట్టించాడు.

తర్వాత తన సంపాదన చూపించాడు. “రాత్రికి 4,500. నెలకి 22 రాత్రులు, 99 వేలు. ఓనరుకి 35, క్లీనింగు, కమీషన్లు కలిపి 20. నాకు 44 మిగులు. ఇలాంటివి పదకొండున్నాయి నాకు. ఒక్క ఇటుక కూడా నాది కాదు. రిపేర్లు సైతం ఓనరువే. గెస్టులు రేటింగులు ఇచ్చేది దేనికో తెలుసా?” అని స్లైడు మార్చాడు.

తెర నిండా బాల్కనీ. బాల్కనీలో ఉయ్యాల బల్ల. ఇత్తడి గొలుసుకి ఎర్ర వైరు.

బావ మంచినీళ్ల సీసా మూత తీసి, తాగకుండానే మళ్లీ పెట్టేశాడు.

వెనక నుంచి ఎవరో అడిగారు. “అలాంటి ఓనర్లను పట్టుకునేదెలా సార్?”

“అది లెవెల్ టూ కోర్సు, 14,999” అని నవ్వాడు స్పీకరు. “అయినా మీకోసం ఒక్క గుర్తు ఫ్రీగా చెబుతా. ఇందాక మూడో వరుసలో చెయ్యెత్తారే, ఆ సార్ లాంటివాళ్లు దొరికితే వదలకండి.”