‘ఈయప్పతో కాదని’: టీకా తాత్పర్య సహితం

మూలం: “నేను అప్పుడే చెప్పలా, ఈయప్పతో కాదని!”

అవతారిక. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు కోచ్‌ను మార్చిన ప్రతిసారీ ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ముందర, జమ్మలమడుగు బస్టాండు టీ కొట్ల దగ్గర, పులివెందుల చీనీకాయల మండీల్లో వెలువడే మహావాక్యమిది. కర్త అజ్ఞాతుడు. రచనాకాలం, పని జరిగిపోయిన మరుసటి పొద్దు. 2023 ఆగస్టు 7న బ్రయాన్ లారాను పంపించి డేనియల్ వెట్టోరిని తెచ్చినప్పుడు దీని పారాయణం ఘనంగా జరిగింది. ఆ ఏడు జట్టు పద్నాలుగు ఆటలాడి నాలుగు గెలిచి, పది జట్లలో పదోదిగా నిలిచింది. అయినా ఈ వాక్యం పలికేవాడి ముఖంలో దుఃఖచ్ఛాయ వెతికితే దొరకదు. కనబడేదల్లా పెళ్లిభోజనం చేసి లేచినవాడి తృప్తి. జట్టు అడుగున పడి ఉంటే అభిమానికి ఇంత తృప్తి ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చడమే ఈ టీకకు ప్రయోజనం. ‘వీనితో కాదని’ అనే పాఠాంతరం కొన్నిచోట్ల వినబడుతుంది గానీ ‘ఈయప్పతో’ అన్నదే గ్రాహ్యం. ఉద్యోగం పోయినవాణ్ని ‘అప్ప’ అని గౌరవించడం మన సీమ మర్యాద. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మాత్రం ‘వాడే’.

టీక రాయడానికి కడప జిల్లాకు ఉన్నంత హక్కు ఇంకో జిల్లాకు లేదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, తాళపత్ర ప్రతులు పోల్చి చూపించి, కావ్యాలను పరిష్కరింపజేశాడు. జూలూరి అప్పయ్య మనుచరిత్రకూ వసుచరిత్రకూ టీకలు కూర్చింది ఆ దొర పనుపుననే. అంత గొప్ప విద్యకూ ఒక పాత జబ్బుంది. అందరికీ తెలిసిన మాటకు నాలుగు పర్యాయపదాలు పేర్చడం, ఎవరికీ తెలియని మాట ఎదురైతే ‘స్పష్టము’ అని రాసి పక్కనుంచి జారుకోవడం. మెదకు సీమ కొలిచలమ వంశీకుడు మల్లినాథసూరి ఈ జబ్బు ఎరిగినవాడు గనుకనే, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ రఘువంశం ముందు ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత మొదటి ఒట్టు పాటిస్తాడు. రెండోది కూడా పాటిస్తే ఈ వ్యాసం ఇక్కడే ఆగిపోవాలి.

ఇక పదాలకు వద్దాం. ‘నేను’: స్పష్టము. ‘అప్పుడే’ అన్నచోట కొంచెం నిలబడాలి. ఎప్పుడు? లారాను కోచ్‌గా ప్రకటించింది 2022 సెప్టెంబరులో. టెస్టుల్లో 400, కౌంటీ ఆటలో 501, రెండూ నాటౌట్‌గా కొట్టినవాడు మన జట్టుకు కోచ్ అవుతున్నాడని ఆనాడు మూడూళ్లలోనూ ఛాతీలు విరుచుకున్నాయి. ‘అప్పుడు’ అంటే ఆ సెప్టెంబరైతే వాక్యం అబద్ధమవుతుంది. పదో ఓటమి తర్వాత అయితే నిజమే గానీ, కుండ పగిలిన తర్వాత పగులుతుందని చెప్పడానికి జ్యోతిషం అక్కరలేదు. శతావధాని సి.వి. సుబ్బన్న ఊరైన ప్రొద్దుటూరులో ఈ చిక్కు విప్పడానికి ఒక పద్ధతి సిద్ధంగా ఉంది. అవధానంలో పద్యం చెప్పేస్తే పని అయిపోదు, చివర ధారణ ఉంటుంది. అప్పుడు చెప్పినదాన్ని పృచ్ఛకుల ముందు అక్షరం పొల్లుపోకుండా మళ్లీ వరసగా ఒప్పజెప్పాలి. మన క్రికెట్ అవధానులకు పూరణలు బ్రహ్మాండంగా వస్తాయి. ధారణ అడిగితే మాత్రం టీ చల్లారిపోయిందంటారు.

‘చెప్పలా’ అన్నది ఈ మూలానికి ప్రాణం. ఇది చెప్పలేదా అనే ప్రశ్నకు సంక్షేపరూపం. రూపం వ్యతిరేకం, అర్థం అనుకూలం; చెప్పాను కదా అని దబాయింపు. గొంతు ఎత్తిన తీరును బట్టి అర్థం తిరగబడడాన్ని ఆలంకారికులు కాకువు అన్నారు. ఇప్పుడొక పరీక్ష చేయండి. అదే మాటను గొంతు ఎత్తకుండా, తల ఎగరేయకుండా, సాదాగా పలకండి: “నేను అప్పుడే చెప్పలా.” మన వైపు రాలా, పోలా, తినలా అన్నట్టే చెప్పలా అంటే చెప్పలేదని అర్థం. అంటే కాకువు తీసేస్తే మూలం తన సత్యాన్ని తానే ఒప్పుకుంటున్నది. తెలుగులో ఇంత నిజాయితీ గల అబద్ధం ఇంకొకటి ఉంటుందని ఈ వ్యాఖ్యాత అనుకోడు.

‘ఈయప్పతో’. తో తృతీయా విభక్తి అని బడిపిల్లలకూ తెలుసు. అది సహార్థమా, కరణార్థమా అన్నదే సందేహం. రాముడితో వచ్చాడంటే తోడు. కత్తితో కోశాడంటే సాధనం. అభిమాని రెండో అర్థంలో అంటాడు: ఈ మనిషి అనే సాధనం చేత పని కాదు. అలాగైతే కోచ్ ఏ రకం సాధనమో చూడాలి. దీనికి ఆంధ్రుడని మనం చెప్పుకునే అన్నంభట్టు తర్కసంగ్రహం దగ్గరికి పోక తప్పదు. కుండ పుట్టాలంటే మూడు రకాల కారణాలు కావాలన్నారు తార్కికులు. కుండగా మారే కపాలాలు సమవాయి కారణం. ఆ ముక్కల కూడిక అసమవాయి కారణం. కుమ్మరి, కర్ర, సారె నిమిత్త కారణాలు. ఇక్కడితో ఆగకుండా, కారణాల్లాగా కనబడుతూ కారణాలు కానివాటిని కూడా వాళ్లు ఏరి అవతల పెట్టారు. వాటి పేరు అన్యథాసిద్ధాలు. సారె తిప్పే కర్ర నల్లగా ఉందనుకోండి. కుండకు కర్ర కావాలి గానీ, ఆ నలుపు కావాలా? అక్కరలేదు. కుమ్మరి కావాలి, మరి కుమ్మరిని కన్న తండ్రి? ఆయన లేకపోతే కుమ్మరి లేడు, నిజమే. అయినా కుండ లెక్కలో ఆయన లేడు. చివరగా మట్టి మోసుకొచ్చిన గాడిద. ఒక కుండ విషయంలో గాడిద ముందే వచ్చి నిలబడి ఉండవచ్చు; గాడిద లేకుండా తయారయ్యే కుండలు లక్ష ఉన్నాయి గనుక అదీ కారణం కాదు. శాస్త్రాల్లో గాడిదకు ఇంత శ్రద్ధగా న్యాయం చేసిన శాస్త్రం ఇదొక్కటే. ఈ గాడిద గురించి ఇంకో రెండు పేజీలు రాయగలను గానీ, మూలం పిలుస్తోంది. లారా 400 కర్ర రంగు. దాన్ని చూసి జట్టు గెలుస్తుందనుకున్నవాడిదీ, తర్వాత అదే లారా వల్ల జట్టు ఓడిందన్నవాడిదీ ఒకటే పొరపాటు. సాధారణంగా వాళ్లిద్దరూ ఒకడే.

తార్కికులు కారణాన్ని పట్టడానికి చెప్పిన ఉపాయం అన్వయ వ్యతిరేకాలు: అది ఉంటే ఇది ఉండాలి, అది లేకపోతే ఇది ఉండకూడదు. జట్టు చరిత్రకు దీన్ని పట్టించి చూద్దాం. టామ్ మూడీ 2013 నుంచి ఏడు సీజన్లు కోచ్. అయిదుసార్లు ప్లేఆఫ్‌లకు తెచ్చాడు, 2016లో కప్పు గెలిపించాడు, 2018లో ఫైనల్ దాకా తీసుకుపోయాడు. 2019లో కూడా జట్టు నాలుగో స్థానంలో ఉండగానే అతన్ని తీసేసి, నాలుగు రోజుల ముందు ఇంగ్లండ్‌కు ప్రపంచ కప్పు గెలిపించిన ట్రెవర్ బేలిస్‌ను ప్రకటించారు. 2020లో మూడో స్థానం, 2021లో పద్నాలుగింట మూడు గెలుపులతో అట్టడుగు. మళ్లీ మూడీనే పిలిచారు. 2022లో పదింట ఎనిమిదో స్థానం. కప్పు తెచ్చిన మూడీ, ఎనిమిదో స్థానం మూడీ ఒకడే మూడీ. ఈయప్ప ఉన్నప్పుడూ గెలిచింది, ఈయప్ప ఉన్నప్పుడూ ఓడింది. ఇంక ‘ఈయప్పతో’ అన్న తృతీయకు కరణార్థం ఎక్కడ నిలుస్తుంది?

పూర్వపక్షి ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అతని చేతిలో గట్టి ఉదాహరణలు రెండున్నాయి. లారాను తీసి వెట్టోరిని పెట్టగానే 2024లో అదే జట్టు ఫైనల్‌కు పోలేదా? అంతకు ముందు, 2008లో రాబిన్ సింగ్ కోచ్‌గా పద్నాలుగింట రెండే గెలిచి అడుగున పడిన మన పాత హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్, 2009లో డారెన్ లీమన్ రాగానే జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగులతో ఓడించి కప్పు ఎత్తలేదా? ఎత్తింది. అయితే 2024 జట్టు అదే జట్టు అనడం చెల్లదు. లారా పోయిన నాలుగు నెలలకు జరిగిన వేలంలో పాట్ కమిన్స్‌ను 20.50 కోట్లకు, ట్రావిస్ హెడ్‌ను 6.80 కోట్లకు కొన్నారు. కెప్టెన్ కూడా మారాడు. కుమ్మరితో పాటు మట్టి మారినప్పుడు కుండ నునుపంతా కుమ్మరి ఖాతాలో వేయకూడదు. పైగా ఉదాహరణను సగంలో ఆపకూడదు. కప్పు ఎత్తిన లీమనే 2012లోనూ కోచ్. ఆ ఏడు దక్కన్ తొమ్మిదింట ఎనిమిదోది. బెంగళూరు మీద 287 కొట్టించిన వెట్టోరి జట్టే 2024 ఫైనల్లో 113కు ఆలౌటైంది, 2025లో ఆరో స్థానంలో ఆగింది. కోచ్‌తో ఏ పనీ లేదని ఇక్కడ వాదం కాదు. అతను కర్రా, సారే అయితే కావచ్చు. కర్ర విరిచి పారేస్తే మట్టి మంచిదవుతుందని మాత్రం ఏ కుమ్మరీ అనడు.

‘కాదని’. ఏది కాదు? మూలంలో కర్త లేదు, అధ్యాహారం చేసుకోవాలి. అసలు కథ ఇక్కడే ఉంది. ఈ వాక్యంలో ‘నేను’కు చోటుంది, ‘ఈయప్ప’కు చోటుంది. ఆటగాళ్లను కొన్నదెవరు, కోచ్‌ను పెట్టిందెవరు, తీసిందెవరు అన్నవారికి ఏ విభక్తిలోనూ చోటు లేదు. “తీసేసినారు” అంటాం, ఎవరు? సన్ గ్రూప్ యాజమాన్యం అని కర్తను వేసి వాక్యం పూర్తి చేసిన అభిమానిని చూడడం కష్టం. లారా కోచ్‌గా ఉన్న ఆ ఒక్క సీజన్‌కు హ్యారీ బ్రూక్‌ను 13.25 కోట్లకు కొన్నారు. అతను మొత్తం 190 పరుగులు చేశాడు, అందులో వంద ఒక్క ఆటలోనే. వేలం బల్ల దగ్గర కోచ్ కూడా కూర్చుంటాడు కదా అనవచ్చు. కూర్చుంటాడు, సంచి మాత్రం అతనిది కాదు. 2021లో సీజన్ నడుస్తుండగానే వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి దింపడం వంటి నిర్ణయాల బరువు కూడా చివరికి కోచ్ మెడకే చుట్టుకుంటుంది. కోచ్‌ను తీసేసే ఆచారం బాగా ముదిరిన అమెరికా బాస్కెట్‌బాల్‌లో 2023లో డెన్వర్‌కు కప్పు తెచ్చిన మైకేల్ మలోన్‌ను, 2025 ఏప్రిల్‌లో లీగ్ ఆటలు మూడే మిగిలి ఉండగా పంపించేశారు. అదే దేశంలో, మనవాళ్లు వేలమంది కాపురముండే డల్లాస్‌లో ఒక వింత జరిగింది. తమ జట్టు మేటి ఆటగాడు లూకా డాన్‌చిచ్‌ను ఇంకో జట్టుకు ఇచ్చేసినందుకు అక్కడి ప్రేక్షకులు కోచ్‌ను వదిలిపెట్టి, బేరం కుదిర్చిన జనరల్ మేనేజర్ నీకో హారిసన్ పేరు పెట్టి తీసేయమని నెలల తరబడి అరిచారు. నవంబరులో అతన్ని తీసేశారు. కర్తను వేసి వాక్యం పలికితే ఏమవుతుందో తెలియడానికి ఇది చాలు.

ఈ కర్తృలోపం క్రికెట్‌కే పరిమితమైతే మూలంలో తప్పులు వెతుక్కుంటూ నవ్వుకుని ఊరుకునేవాణ్ని. జమ్మలమడుగు పక్కన ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో రాయి వేశారు. 2018 డిసెంబరులో వేరేచోట వేశారు. దాదాపు ఏడాదికి, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర వేశారు. అక్కడే 2023 ఫిబ్రవరిలో మళ్లీ భూమిపూజ. ప్రతిసారీ కొత్త కోచ్ వచ్చినంత సంబరం, ఆగిపోయిన ప్రతిసారీ “నేను అప్పుడే చెప్పలా”. ఆ నాలుగు వేడుకలకూ చప్పట్లు కొట్టిన చేతులే ఆ మాట అన్నప్పుడు గాలిలో ఊగాయి. ఆపిందెవరు, ఎందుకాపారు, ఆ భూములిచ్చినవాళ్లు ఏమయ్యారు అని అడగడానికి మాత్రం వాక్యంలో చోటు మిగల్లేదు, ఎందుకంటే మొదటి స్థానం అప్పటికే ‘నేను’ ఆక్రమించుకుంది. మొదట స్పష్టమని దాటేసిన పదం ఇదే. దాటేయకుండా ఉండాల్సింది.

తాత్పర్యం వేరే రాయను. పులివెందుల రైతు చీనీమొక్క నాటి కాపు కోసం నాలుగైదేళ్లు కాచుకుంటాడు. మొదటి ఏడు కాయలేదని పీకేయడు, పక్కవాడు పీకేస్తే ముందే చెప్పలా అనడు. ఆ ఓపిక అభిమానుల నుంచి అడగడం అత్యాశ. అడిగేది ఒక్కటే. ఈసారి కొత్త కోచ్ పేరు ప్రకటించిన రోజునే, ఆయప్పతో అవుతుందో కాదో ఒక చీటీ మీద రాసి, కింద తేదీ వేసి, సంతకం చేసి, మీకు తెలిసిన బంగారు అంగట్లో ఇచ్చి పెట్టండి. తూకం, తేదీ లేని చీటీ ప్రొద్దుటూరులో ఎవరూ తీసుకోరు.