ఒక సర్వీసు పుస్తకం ఆత్మకథ

కొత్త కారు తాళాలతోపాటు యజమాని చేతికి వచ్చే పుస్తకాల్లో ఒకటి బండిని ఎలా వాడాలో చెబుతుంది. సర్వీసు పుస్తకమని పిలిచే మరొకటి, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ పని జరిగిందో రాసుకోవడానికి ఖాళీ గడులతో ఉంటుంది. ఇక్కడ తన జీవితం చెప్పుకుంటున్నది ఆ రెండో రకం పుస్తకమే. 2008లో విజయవాడలో ఏపీ 16 వరుస నంబరుతో రిజిస్టరైన ఒక తెల్లని మారుతి ఆల్టోకు అది తోడుగా వచ్చింది. తనలోని చేతిరాతలన్నీ ఇతరులవే కనుక, దాని ఆత్మకథ ప్రథమ పురుషలో సాగడమే సబబు.

దాని మొదటి పేజీల్లో ఉచిత సర్వీసు కూపన్లు ఉండేవి. ఉచితమన్నది పనివాళ్ళ కూలికి మాత్రమే వర్తిస్తుందనీ, ఆయిల్‌కూ ఫిల్టర్‌కూ డబ్బు కట్టాల్సిందేననీ చాలామంది యజమానులకు మొదటి బిల్లు చూశాకే తెలుస్తుంది. ఆ తరువాతి గడులన్నిటిలో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది, అన్న షరతు అచ్చై ఉంది. మొదటి యజమాని కాలేజీ అధ్యాపకుడు. ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి తప్ప బండి తీయని ఆయన, కిలోమీటర్లు నిండలేదు కదా, ఆయిల్ ఎందుకు మార్చాలని అడిగేవాడు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆగిపోయే చిన్న ప్రయాణాల్లో తేమ, మండని పెట్రోలు ఆయిల్‌లో చేరి ఆవిరి కాకుండా నిలిచిపోతాయి కనుక, తక్కువ తిరిగే బండికి కిలోమీటర్ల కన్నా నెలల లెక్కే ముఖ్యం. ఆ సంగతి ఒకసారి బోధపడ్డాక ఆయన గడి తప్పించలేదు.

వారంటీ, అంటే లోపాలుంటే కంపెనీయే సరిచేసి ఇస్తానన్న గడువు, ముగిశాక బండి ఆటోనగర్ బాట పట్టింది. అక్కడి మెకానిక్ చేతిలో పనితనముంది గాని కలం పట్టే అలవాటు లేదు. ఆయిల్ మార్చిన కిలోమీటర్లు, మళ్ళీ మార్చాల్సిన కిలోమీటర్లు ఒక అట్టముక్క మీద రాసి ఇంజిన్ పక్కన కట్టేవాడు, తరువాతిసారి దాన్ని తెంపి పారేసి కొత్తది కట్టేవాడు. అంటే అక్కడ భవిష్యత్తుకు గుర్తు మిగిలింది, గతానికి మిగల్లేదు. ఆ లోటును అధ్యాపకుడే తీర్చాడు. కంపెనీ వర్క్‌షాపులో పడిన గుండ్రటి ముద్రలు బండి వచ్చి వెళ్ళిందని మాత్రమే చెబుతాయి, ఈ పుస్తకం దృష్టిలో వాటికన్నా విలువైనది ఆయన నీలి సిరాతో రాసుకున్న ఇలాంటి ఒక్క వరుస: "14-6-2013, 41,870 కి.మీ., బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చారు, ముందు ప్యాడ్లు కొత్తవి, వెనక లైనర్లు ఇంకా వస్తాయి."

ఆ వరుసలో మొదటి పని వివరణ కోరేది. పెడల్ మీద కాలి ఒత్తిడిని చక్రాల దాకా చేరవేసే ద్రవమే బ్రేక్ ఆయిల్; అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 3 అనే సాధారణ రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు కాగి ఆ ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. ద్రవంలో తేమ చేరడం బయటికి కనిపించదు, చప్పుడు చేయదు. యజమానికి ఎప్పుడు మార్చారన్న తేదీయే ఆధారం.

2016లో బండి చేతులు మారింది. యాజమాన్య బదిలీకి 29, 30 నంబర్ల ఫారాలు నింపారు, ఆర్.సి.లో పేరు మారింది. ఈ పుస్తకంలో మాత్రం కొత్త పేరు ఎవరూ రాయలేదు. రెండో యజమాని బాగా తిరిగేవాడు, ఏమీ రాసేవాడు కాదు, బిల్లులన్నీ ఒక పాలిథిన్ కవరులో కుక్కేవాడు. వాటిలో చాలావరకు వేడితో అచ్చయ్యే కాగితం మీదివి. బెజవాడ ఎండలో, డాష్‌బోర్డు అరలో కొన్ని నల్లబడ్డాయి, కొన్నిటిలో అక్షరాలు వెలిసిపోయాయి. క్రాంక్ షాఫ్టునూ కవాటాలను నడిపే క్యామ్ షాఫ్టునూ ఒకే లయలో తిప్పే పళ్ళ రబ్బరు పట్టీని టైమింగ్ బెల్టు అంటారు. లక్ష కిలోమీటర్ల ప్రాంతంలో దాన్ని మార్చిన బిల్లు కూడా అలా తెల్లకాగితమైంది. మూడో యజమాని కొన్నాక, బెల్టు మార్చామన్న నోటిమాటను అతని మెకానిక్ నమ్మలేదు. కొన్ని ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే కవాటాలు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆ భయంతో మళ్ళీ కొత్తది వేయించారు. ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోయింది.

పాత కార్ల బజారులో ఈ పుస్తకానికి మరో పని ఉంది. అంకెల చక్రాలు తిరిగే పాత మీటర్లనూ, తెర మీద అంకెలు చూపే కొత్తవాటినీ వెనక్కి తిప్పగలవాళ్ళున్నారు. తేదీల వెంట పెరుగుతూ పోయే కిలోమీటర్ల వరుస వాళ్ళకు ఇబ్బంది కనుక, అమ్మకానికి ముందు ఇలాంటి పుస్తకాలు కొన్ని మాయమవుతుంటాయి. పుస్తకం లేని ప్రతి బండీ మోసమని అనడం అన్యాయమే, ఇల్లు మారేటప్పుడు పోయేవీ ఉంటాయి. అయినా కొనేవాడు క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదలను మీటరుతో సరిపోల్చుకోవడం మంచిది.

సొంత వాహనం రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్ళ గడువు. 2023లో అది తీరింది. మరో ఐదేళ్ళ పొడిగింపు కోసం, జనం బ్రేక్ ఇన్‌స్పెక్టరని పిలిచే మోటారు వాహన తనిఖీ అధికారి ముందు బండి నిలబడింది. ఆయన ఛాసిస్ నంబరు, లైట్లు, బ్రేకులు చూశాడు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు అడిగాడు. ఈ పుస్తకాన్ని అడగలేదు, అడగాలన్న నియమమూ లేదు.

అచ్చు గడులు ఎప్పుడో నిండిపోయాయి. మూడో యజమాని వెనక ఖాళీ పేజీల్లో స్కేలు పెట్టి తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వేసిన విడిభాగం, మళ్ళీ చూడాల్సిన గడువు అని నిలువు గీతలు గీసుకున్నాడు; బిల్లు వెలిసిపోకముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటున్నాడు. కంపెనీ వర్క్‌షాపుల్లో ఇప్పుడు అంతా కంప్యూటర్‌లో ఉంటుంది, బండి నంబరు చెబితే పాత పనుల చిట్టా తెర మీదికి వస్తుంది. అయితే ఆ చిట్టాలో ఉండేవి వాళ్ళ దగ్గర జరిగిన పనులే. ఆటోనగర్ షెడ్డులో మారిన క్లచ్ ప్లేటు, రోడ్డు పక్క వేయించిన రేడియేటర్ గొట్టం, అధ్యాపకుడు మార్పించిన బ్రేక్ ఆయిల్ ఈ పుస్తకంలో తప్ప మరెక్కడా లేవు.