గాంధీరోడ్డు జిప్ డ్రైవ్‌కు లినక్స్ వైద్యం

తిరుపతి గాంధీరోడ్డు పక్క సందులో పెళ్ళిపత్రికలు కొట్టిన డీటీపీ సెంటరు మూసేశాక, అటక మీది నీలంరంగు డబ్బా ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. అది ఐయొమెగా వాళ్ళ జిప్ డ్రైవ్. 1990ల మధ్యలో వచ్చింది. ఒక్కో డిస్కు 100 మెగాబైట్లు, అంటే డెబ్బై ఫ్లాపీల సరుకు. "ఆ లినక్సులో పెట్టి చూడు నాయనా, పాత మేటరు కావాల" అంటాడు మీ మామ. సరేనని, ఇక నేను చెప్పినట్టు చేయండి.

అడాప్టరు కనబడకపోతే వెతకొద్దు. వైఫై రౌటరుది 12 వోల్టులది పిన్ను పట్టిందా, గుచ్చేయండి. డ్రైవ్‌కు కావాల్సింది 5 వోల్టులేనట. పొగొస్తే కరెంటు సరిగా లేదనండి.

మీ ల్యాప్‌టాప్‌కు ఈ డ్రైవ్ అడిగే 25 పిన్నుల పారలల్ పోర్టు ఉండదు. ప్రింటరుకు వాడే యూఎస్‌బీ మార్పిడి కేబులు కొనుక్కురండి. అది ప్రింటరుకు తప్ప పనికిరాదని, జిప్‌కు పారలల్ తీగ మీదే స్కజీ ఆదేశాలు పోవాలని ఎవరైనా అంటే, "ప్రింటరు నడిచేది జిప్ ఎందుకు నడవదప్పా?" అని గట్టిగా అడగండి. అసలు పోర్టున్న పాత డెస్క్‌టాప్ ఎదురింట్లోనే ఉన్నా అటు చూడకండి.

కెర్నల్‌లో దీనికి రెండు డ్రైవర్లున్నాయి. పాత జిప్‌కు పీపీఏ, జిప్ ప్లస్‌కూ 1998 తర్వాతి వాటికీ ఐఎమ్ఎమ్. కేబులు కొన మీద ఆటోడిటెక్ట్ అని ఉంటే రెండోది. మీరు మొదటిదే ఎక్కించి, పలకలేదని లినక్సును తిట్టండి. డీమెస్గ్ చూడడం చేతకానివాళ్ళ పని.

కంపెనీ నుంచి వచ్చిన జిప్ డిస్కులో సరుకంతా నాలుగో పార్టిషన్‌లో ఉంటుంది. మీరు ఒకటోదాన్నే మౌంట్ చేయండి. దొరకదు. డిస్కు ఖాళీ అని తేల్చి ఎస్‌డీఏను ఫార్మాట్ చేయండి. చాలా కంప్యూటర్లలో ఎస్‌డీఏ అంటే సొంత హార్డ్‌డిస్కే. ఇంత శుభ్రంగా ఇంకెవరూ చేయలేరు.

పొరపాటున మౌంట్ అయిందా, డిస్కు తీసేటప్పుడు అన్‌మౌంట్ చేయకండి. బటన్ నొక్కితే లినక్స్ వదలదు. వెనకున్న చిన్న కన్నంలో పేపరుక్లిప్పు గుచ్చి లాగండి. కరెంటు తీసేశాక మాత్రమే వాడాల్సిన కన్నం అది, మీరు కరెంటుండగానే కానివ్వండి.

ఇక టిక్కుటిక్కుమనే శబ్దం. దీనికి అమెరికావాళ్ళు క్లిక్ ఆఫ్ డెత్ అని పేరుపెట్టి 1998లో కంపెనీని కోర్టుకు కూడా లాగారు. హెడ్డు చెడిన డ్రైవ్ డిస్కు అంచును చింపుతుంది, ఆ చిరిగిన అంచు ఇంకో డ్రైవ్ హెడ్డును చెడగొడుతుంది, ఆ డ్రైవ్ మళ్ళీ ఇంకో డిస్కును. అంటువ్యాధే. అందుకని శబ్దం వినగానే ఉన్న డిస్కులన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. అన్నిటికీ వచ్చిందా? ఇప్పుడవి చిత్తూరు మిత్రుడి డ్రైవ్‌లో, ఆ తర్వాత మదనపల్లె బావమరిది డ్రైవ్‌లో. బస్సు చార్జీలకు వెనకాడొద్దు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక్క జిప్ డ్రైవ్ కూడా బాగుండకూడదు.

ఇన్ని దాటి పెళ్ళిపత్రిక పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకుందే అనుకోండి. లిబ్రాఫీసు దాన్ని చాలావరకు తెరుస్తుంది కూడా. అందులో శ్రీరస్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. అది అను ఫాంటు, యూనికోడ్ కాదు, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మీకు ఆ గొడవెందుకు? డిస్కు కుళ్ళిపోయిందని ప్రకటించి చెత్తబండిలో వేయండి.

పాత మేటరు కోసం మామ మళ్ళీ అడుగుతాడు. మొత్తం మళ్ళీ కంపోజ్ చేయాల్సిందే సామీ, పేజీకి ఎంతో ముందే మాట్లాడుకోండి.