రిటర్నబుల్

ఏడవడానికి మా ఎనిమిదిమందిమీ ఎప్పుడూ ఒక్క మాట మీదే ఉన్నాం. ‘అసమర్థుని జీవయాత్ర’ అంటే సరే అన్నారు. ‘చివరకు మిగిలేది’ అంటే దానికీ సరే అన్నారు. చిక్కల్లా నవ్వు దగ్గరే వచ్చింది.

ఉక్కునగరంలో మా అబ్బాయికి ఎలాటైన క్వార్టర్ వరండాలో, నెలకో ఆదివారం సాయంత్రం నాలుగింటికి పుస్తకాల కోసం చేరతాం. ఒకరో ఇద్దరో తప్ప అందరం రిటైరైనవాళ్ళమే. అయినా పిలుచుకోవడం మాత్రం ఇప్పటికీ డిపార్ట్‌మెంట్ పేర్లతోనే. కోకోవెన్ బాబాయి, వైర్‌రాడ్ గారు, ఫైనాన్స్ గారు, పర్సనల్‌లో చేసిన మేడం గారు, భిలాయ్ నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న భిలాయ్ గారు, బడి నుంచి రిటైరైన మాస్టారు, ఇంకా బ్యాచిలర్ హాస్టల్లో ఉంటున్న ట్రైనీ కుర్రాడు. నేను స్టోర్స్. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ వెలిగిన ఏడాది, గోదావరి జిల్లా నుంచి ఓ ట్రంకు పెట్టెతో దిగినవాణ్ణి.

స్టోర్స్‌లో పనిచేసినవాడికి ప్రపంచంలో ఉన్నవి రెండే గేట్ పాసులు: రిటర్నబుల్, నాన్ రిటర్నబుల్. నట్టయినా బోల్టయినా తిరిగి రావలసింది తిరిగి రావాలి. ఆ పట్టుదలతోనే ఇక్కడా ఓ రిజిస్టర్ తెరిచాను. ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారు, ఎప్పుడిచ్చారు, సంతకం. ఎవరైనా పది రోజులు ఆలస్యం చేస్తే వాళ్ళని ఏమీ అనను. 1996లో ఎవడో నా దగ్గర ఓ పుస్తకం పట్టుకెళ్ళి ఎగ్గొట్టిన సంగతి మరోసారి చెబుతాను. ఎవడో ఏమిటో గుర్తులేదు. సి షిఫ్టులో నిద్రమత్తులో ఇచ్చాను. కానీ ఆ మంట మాత్రం ఆరలేదు. “ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టుకునే జాతి మనది. పుస్తకం తిరిగివ్వనివాడు జాతి ద్రోహి” అనేవాణ్ణి. మేడం గారు బజ్జీ నములుతూ తలూపేవారు.

2024 మొదట్లో కోకోవెన్ బాబాయే అన్నాడు, “ఒరే నాయనా, వరసపెట్టి అందరూ చచ్చిపోయే నవలలే చదువుతున్నాం. ఒక్కటి, ఒకే ఒక్కటి నవ్వుకునేది పెట్టండి” అని.

సరే అనుకున్నాం. అక్కణ్ణుంచి మొదలైంది.

మేడం గారు చిలకమర్తి వారి ‘గణపతి’ అన్నారు. మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. “చదువు అబ్బనివాడు పంతులు అవతారం ఎత్తితే అది హాస్యమా అండీ? లోకానికి పంతులే తేరగా దొరికాడా?” అన్నారు. గణపతి పోయాడు.

మాస్టారు ‘బారిస్టర్ పార్వతీశం’ అన్నారు. మొదటి భాగం వచ్చి సరిగ్గా వందేళ్ళు, సందర్భం కూడా కలిసొచ్చింది అన్నారు. వైర్‌రాడ్ గారు ఒప్పుకోలేదు. “నాన్‌డిటెయిల్‌గా చదివి పరీక్ష రాశాం. మార్కులు పడ్డ పుస్తకానికి మళ్ళీ నవ్వేం వస్తుంది?” అన్నారు. అసలు సంగతి వాళ్ళావిడ మా ఆవిడకి ఎప్పుడో చెప్పింది. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు, ఎయిర్‌పోర్టులో ఎస్కలేటర్ ముందు ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారట. మొగల్తూరు నుంచి లండన్ బయల్దేరి ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న పార్వతీశాన్ని చూసి ఆయనెలా నవ్వగలరు?

వైర్‌రాడ్ గారు మునిమాణిక్యం ‘కాంతం కథలు’ అన్నారు. నవల కాదుగా అని ట్రైనీ కుర్రాడు గొణిగాడు గానీ, మేడం గారు అంతవరకూ రానివ్వలేదు. “కట్టుకున్నవాణ్ణి మాటకి మాట అలా ఆటపట్టించే ఆడది లోకంలో ఎక్కడైనా ఉంటుందా? బొత్తిగా సహజంగా లేదు” అన్నారు. ఆ సమయానికి వాళ్ళాయన మా గేటు బయట స్కూటర్ మీద, హెల్మెట్ కూడా తియ్యకుండా ఆవిడ కోసం కూర్చునున్నారు. లోపలికి రమ్మని నేను రెండుసార్లు పిలిచాను. ఆయన రెండుసార్లూ మేడం గారి వంక చూసి, “ఫరవాలేదండీ” అన్నారు.

భిలాయ్ గారు హిందీలోంచి ‘రాగ్ దర్బారీ’ తెచ్చారు. 1968లో శ్రీలాల్ శుక్ల రాసింది. శివ్‌పాల్‌గంజ్ అనే పల్లెటూరు, అక్కడి కాలేజీ, అక్కడి సహకార సంఘంలో డబ్బు మాయం కావడం, దానికి పెద్దమనుషులు చెప్పే సమర్థనలు. ఆయన వచ్చీరాని తెలుగులో చెబుతుంటేనే మాకు పొట్ట చెక్కలైంది. కోకోవెన్ బాబాయి మాత్రం నవ్వలేదు. “సొసైటీ అంటే అంత చులకనా? డైరెక్టరుగా చేసినవాడికి తెలుస్తుంది ఆ కష్టం” అని మొహం గంటు పెట్టుకున్నాడు. ఆయన ఏదో పొదుపు సంఘానికి రెండుసార్లు డైరెక్టరుగా చేశాడని అప్పుడు గుర్తొచ్చింది. రాగం ఆలాపనలోనే ఆగిపోయింది.

ట్రైనీ కుర్రాడు పొత్తూరి విజయలక్ష్మి గారి ‘ప్రేమలేఖ’ అన్నాడు. అది 1984లోనే జంధ్యాల ‘శ్రీవారికి ప్రేమలేఖ’గా తీసేశాడు, చూసేశాం అని ఐదుగురు ఒక్కసారే అన్నారు. కుర్రాడు అప్పటికి పుట్టనే లేదు, నోరు మూసుకున్నాడు.

బాబాయి ఇక మన ఊరి ప్లీడరు గారినే పట్టుకున్నాడు. రావిశాస్త్రి ‘అల్పజీవి’. “పైకి నవ్విస్తాడురా, లోపల చెయ్యి పెట్టి దేవుతాడు” అన్నాడు. ఈసారి అడ్డుపడింది ఫైనాన్స్ గారు. ఆయన మాట్లాడటమే అరుదు. మాట్లాడినా చెప్పేది బల్లకి చెబుతున్నట్టుంటుంది.

“నాకు వద్దండీ” అన్నారు.

“కారణం రాయాలి” అన్నాను, రిజిస్టర్ మీద పెన్ను పెట్టి.

“ఎవరు కళ్ళెర్రజేస్తారో అని బెదిరి చచ్చే ఆ సుబ్బయ్యని నేనేనండీ.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే రాసుకున్నాను.

ఆ రాత్రి రిజిస్టర్ తిరగేస్తుంటే ఓ రహస్యం కళ్ళబడింది. ఎవరు ఏ పుస్తకం వద్దన్నారో, ఆ పుస్తకంలో ఉన్నది వాళ్ళే! ఆ సంగతి ఒప్పుకున్నది ఫైనాన్స్ గారొక్కరే. మిగతావాళ్ళంతా సాహిత్య విమర్శ చేశారు. నవ్వు పక్కవాడి వీపు మీద పడినంతసేపే రుచి. నన్ను గుచ్చే హాస్యపుస్తకం తెలుగులో ఇంకా రాలేదు గనక నాకే పేచీ లేదు. అందరికీ పనికొచ్చేది నేనే తేల్చాలి అనుకున్నాను.

తరవాతి నెల ప్రకటించాను: “ముళ్ళపూడి వెంకటరమణ ‘ఋణానందలహరి’. అప్పు చేసి ఎగ్గొట్టేవాళ్ళ మీద. మనలో అలాంటివాడు ఎవడూ లేడు. కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు.” నవలా కాదా అని కూడా ఎవరూ అడగలేదు. అప్పటికే అంత అలిసిపోయారు.

“అన్నట్టు, 1996లో నా దగ్గర ఎవడో పట్టుకుపోయింది ఈ పుస్తకమే” అన్నాను. “అప్పు మీద రాసిన పుస్తకాన్ని అప్పు తీసుకుని ఎగ్గొట్టాడంటే వాడెంత రసికుడో చూడండి!”

మా వరండాలో ఎనిమిదిమందీ కలిసి నవ్వడం అదే మొదలు. కాదు, ఏడుగురు. ఫైనాన్స్ గారు బజ్జీకి అంటిన నూనెని కాగితంతో అద్దుతున్నారు.

పైనెల ఆయన అందరికంటే ముందొచ్చారు. చేతిసంచీలోంచి న్యూస్‌పేపర్ చుట్టిన పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. విప్పాను. పాత పుస్తకం. మూలలు ఎలక కొరికినట్టున్నాయి, వెన్ను మీద గుడ్డ అంటించి ఉంది. అట్ట తిప్పాను. లోపలి వైపు ఆకుపచ్చ ఇంకుతో నా పేరు, కింద మా ఊరి పేరు. నా చేతిరాతే.

ఇరవై ఎనిమిదేళ్ళు!

అందరూ వచ్చేదాకా ఆగాను. బజ్జీలు, మాడుగుల హల్వా పంచేదాకా కూడా ఆగాను. అప్పుడు పుస్తకం పైకెత్తి ఆ పేరు అందరికీ చూపించాను. “అయ్యా, జాతి ద్రోహి దొరికాడు” అన్నాను. కోకోవెన్ బాబాయి తొడ మీద చరుచుకున్నాడు. వైర్‌రాడ్ గారికి హల్వా కొరబోయింది. మేడం గారు పుస్తకం అందుకుని, “మొదటి పేజీ లేదేమిటండీ?” అన్నారు.

“అప్పిచ్చిన పుస్తకం ఒళ్ళంతా తిరిగొస్తుందా మేడం గారూ?” అన్నాను. మళ్ళీ నవ్వులు. పావుగంట సేపు రిటర్నబుల్ గురించీ నాన్ రిటర్నబుల్ గురించీ చెప్పాను. ఫైనాన్స్ గారు తల దించుకుని విన్నారు. అంతా అయ్యాక, బల్లకి చెబుతున్నట్టుగానే అన్నారు:

“తప్పేనండీ. రిజిస్టర్లో రాయండి. కానీ ముందు కాస్త చదివి వినిపించండి. ముప్ఫై ఒకటో పేజీ నుంచి. అక్కడ బాగుంటుంది.”

గొంతు సవరించుకుని తిప్పాను. ముప్ఫై ఒకటి. అక్షరాల మీదుగా ఊదారంగు సిరాతో కోడిగుడ్డంత ముద్ర. కొంచెం వెలిసింది గానీ చదవడానికి వీలుగానే ఉంది. శాఖా గ్రంథాలయం. కింద మా ఊరి పేరు.

“ఆగారేం?” అన్నాడు బాబాయి.

ట్రైనీ కుర్రాడు నా భుజం మీంచి తొంగి చూశాడు. “మాస్టారూ, లైబ్రరీ ముద్ర పుస్తకం మధ్యలో ఎందుకుంటుందండీ?”

“మొదటి పేజీ చింపేసినా దొరకాలని, లోపల ఎక్కడో ఓ పేజీ గుర్తు పెట్టుకుని అక్కడా వేస్తారు బాబూ” అన్నారు మాస్టారు. చెప్పడం అయ్యాక గానీ ఆయనకి అర్థం కాలేదు. కళ్ళజోడు తీసేసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

వరండాలో ఎవరూ నవ్వలేదు. గేటు బయట హెల్మెట్ ఆయన దగ్గు వినిపించింది.

ఫైనాన్స్ గారు ఆ రోజు మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూశారు.

“రిటర్నబుల్ అని మొదట్నుంచీ తెలుసండీ” అన్నారు. “ఏ గేటుకో తేలకే ఇన్నేళ్ళూ ఆగిపోయాను.”